మల్లి కుట్టిన విస్తర్లు

అత్తమ్మా,

ఈ రోజు నీ సంవత్సరీకం. నువ్వు చదవవని తెలిసినా, కోపం ఆగక రాస్తున్నాను.

మన మల్లికి పుట్టినప్పటి నుంచి కుడిచెయ్యి బిగుసుకుపోయి ఉండేది కదా. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మోదుగాకులు, పుల్లలు ఇచ్చి విస్తర్లు కుట్టించేదానివి. ఆకు చిరిగేది, అది ఏడ్చేది, నువ్వు ఇంకో ఆకు అందించేదానివి. "చాతగాని పిల్లతోని చాకిరి చేపిస్తున్నది ముసల్ది" అని వాడకట్టంతా నిన్ను ఆడిపోసుకుంది.

పోయిన వారం ఖమ్మం దవాఖానాలో క్యాంపుకొచ్చిన థెరపీ మేడం మల్లి చేతిని వంచి చూసింది. ఇలాంటి పిల్లలకు బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం నేర్పడమే ఆమె ఉద్యోగమట. "బొటనవేలు ఇంత బాగా వంగుతోందే! ఎవరు నేర్పారమ్మా?" అంది.

"మా నాయనమ్మ" అంది మల్లి, గౌను బొత్తాలు తనే పెట్టుకుంటూ.

ఇవాళ భోజనాల బంతిలో కూర్చున్న నీ చెల్లెలు, "పాపం, దానికేం చాతనైతది? ముద్దలు చేసి పెట్టు బిడ్డా" అని నాకు బుద్ధి చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు తింటున్న ఇస్తరాకు అదే కుట్టింది చిన్నత్తా! మీ అందరియీ అదే కుట్టింది!" అని అరిచాను. బంతిలో వాళ్లంతా వంగి తమ ఇస్తరాకుల కుట్లు చూసుకున్నారు. మల్లి మాత్రం తన అన్నం తను కలుపుకుంటూనే ఉంది.

వాళ్లను నేను నిలదీశాను, సరే. కానీ నువ్వు విస్తరి కుట్టించిన మొదటి రోజు దాని చేతిలోంచి ఆకు లాక్కుని నీ ముఖాన విసిరింది నేనే కదా అత్తమ్మా. నన్ను నిలదీయడానికి నువ్వే లేవు.