కట్టేసినవి పదకొండు

పుణె,
ఆదివారం పొద్దున

బాపుకు, నీ పెద్దబిడ్డ రజిత దండం పెట్టి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను, ఆ విషయంలో దిగులు పెట్టుకోవద్దు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అవ్వ షుగరు గోలీలు రోజూ వేసుకుంటున్నదా, లేక నేను ఫోన్ చేసిన రోజే వేసుకుంటున్నదా? చెల్లె స్వరూప పరీక్షలు ఎట్లా రాసింది? ఇవన్నీ ఫోన్‌లో అడగొచ్చు కదా, ఉత్తరమెందుకు అంటావు. ఫోన్‌లో నువ్వు "మంచిగున్నవా బిడ్డా" అంటావు, నేను "మంచిగున్న బాపు" అంటాను, అంతటితో అయిపోతుంది. ఈసారి చెప్పాల్సింది నా పర్మినెంట్ లెటర్ గురించి. అది నోటితో చెప్పలేక రాస్తున్నాను.

ఇక్కడ నెల రోజులుగా ఒకటే ముసురు. ఉతికిన బట్టలు మూడు రోజులకు కూడా ఆరవు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పప్పు పెడతారు, అందులో బెల్లం వేస్తారు. ఏడాదిన్నర అయినా నా నాలుకకు అది అలవాటు కాలేదు. అవ్వ పెట్టిచ్చిన మామిడికాయ తొక్కు సీసా అడుగుకు వచ్చింది, ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొక సీసా పంపండి. ఇంటి ఓనరమ్మ మొన్న ఫోన్‌లో అవ్వ ఆదిలాబాద్ మరాఠీ విని "నీ తల్లి మా మనిషే" అన్నది. నేను ఎవరి మనిషినో ఆదివారాలు నాకే అర్థం కాదు. అలసిపోయాను బాపు. పడుకుని లేచినా పోని అలసట ఇది. తిండి మాత్రం వేళకు తింటున్నాను.

నా పని ఏమిటని మీ గని ల్యాంపు రూములో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ల పని" అని తేల్చేస్తున్నావట. ఈసారి కాస్త విను, లేకపోతే మిగతాది అర్థం కాదు. పెద్ద సంస్థలకు వందల కంప్యూటర్లు ఉంటాయి. ఏవి ఉండాలో, ఎట్లా నడవాలో మేము రాసిస్తే ఒక సాఫ్ట్‌వేర్ వాటిని నిలబెడుతుంది. ఏం నిలబెట్టిందో ఒక చిట్టాలో రాసుకుంటుంది. మళ్ళీ పనిలోకి దిగే ముందు ఆ చిట్టానే చదువుకుంటుంది. మీ దగ్గర బిళ్ళల బోర్డు లాంటిదే అనుకో. బోర్డు మీద బిళ్ళ ఉందంటే ఆ మనిషి ఇంకా గనిలోనే ఉన్నాడని కదా మీ లెక్క.

ఆ చిట్టా ఏ పద్ధతిలో రాసిందో చెప్పడానికి పైన ఒక అంకె ఉంటుంది. మా దగ్గర ఉన్న పాత చిట్టా ఒకటో పద్ధతిది. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కు నాలుగో పద్ధతే తెలుసు. కాబట్టి పాతదాన్ని పాత పద్ధతిలోనే విప్పి చదివి, రెండుకు, అక్కడి నుంచి మూడుకు, ఆ తర్వాత నాలుగుకు మెట్టు మెట్టుగా ఎక్కించాలి. ఏ మెట్టు మీద ఏ మాట ఏ మాటగా మారాలో రాయడం నా పని. ఏడు వారాలు అదే చేశాను. ఇది సరిగా గట్టెక్కితే నన్ను పర్మినెంట్ చేయిస్తానని మా టీము పెద్ద మంజిరి తాయి (ఇక్కడ అక్కను తాయి అంటారు) మాట ఇచ్చింది.

ఆ పాత చిట్టా రాసింది వెంకటరమణ అనే ఆయన, భీమవరం వైపు మనిషి. రెండేళ్ళ కింద వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ మహానుభావుడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసిపెట్టాడు. ఒకచోట "కట్టేసినవి" అని రాసి, దాని కింద పదకొండు కంప్యూటర్ల పేర్లు. మంజిరి తాయి నన్ను పిలిచి, ఇది మీ భాషే కదా, ఏమిటో చెప్పు అన్నది. తెలుగు వచ్చినందుకు ఆ ఆఫీసులో నన్ను పిలవడం అదే మొదటిసారి. నేను కొంచెం పొంగిపోయాను. ఇందులో ఏముంది, బర్రెను గుంజకు కట్టేసినట్టు, ఇవి పెద్ద కంప్యూటరుకు కట్టి ఉన్నవి అని చెప్పాను. దానితో పాటు ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సినవి అని రెండో పద్ధతిలో రాసేశాను.

అసలు పనికి ముందు ఒకసారి ఉత్తుత్తిగా నడిపి చూస్తాం. పదకొండు కంప్యూటర్లను కొత్తగా మొదలుపెట్టబోతున్నానని సాఫ్ట్‌వేర్ చెప్పింది కూడా. కట్టి ఉన్నవే కదా, మొదలవ్వాల్సిందే అని అందరికీ సర్దిచెప్పింది నేనే.

మంగళవారం అసలుది నడిపాం. ఆ కంప్యూటర్లు ఒక ఆసుపత్రివి. పదకొండూ లేచి, రెండేళ్ళ కిందటి జాబితాలో మిగిలిపోయిన రోగులందరికీ రేపు పది గంటలకు డాక్టరును కలవమని మెసేజ్‌లు పంపాయి. మర్నాడు ముసలివాళ్ళు వానలో వచ్చి వరుసలో నిలబడ్డారట. ఒకామెకు, ఎప్పుడో చనిపోయిన తన భర్త పేరు మీద మెసేజ్ వచ్చింది. ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి ఏడ్చిందని విన్నాను. ఆమె నంబరు నాకు ఇవ్వరు, ఇచ్చినా ఏం చెప్పాలో తెలియదు.

అన్నీ ఆపేశాక రిపోర్టు రాశారు. పాత చిట్టాలోనే తప్పు ఉంది, రాసింది వెంకటరమణ, అని. నేనూ అదే నమ్మాను. కోపంతో ఆయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

"ఆ పదకొండింటిని దేనికి కట్టేసిండ్రు సార్?"

"దేనికేంటండీ, వాడకం లేదని కట్టేశాం."

"గదే అడుగుతున్న. దేనికి కట్టేసిండ్రు? పెద్దదానికా?"

ఆయన మెల్లగా, "అమ్మా, మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే ఆపడానికి ఏమంటారు?" అని అడిగాడు.

"బంద్ చెయ్యమంటం."

"మేం కట్టేయమంటామండీ."

ముందు నవ్వొచ్చింది బాపు, వెంటనే భయం వేసింది. ఆ మాట నాకు తెలియనిదా? మన పక్క క్వార్టర్‌లో ఉండే గుంటూరు అత్తమ్మ "కుళాయి కట్టేయండే" అని రోజుకు పదిసార్లు అరిచేది. వింటూ పెరిగాను, అవసరమైనప్పుడు గుర్తుకు రాలేదు. ఆయన కోప్పడలేదు. ఆ ఆసుపత్రి వాళ్ళు తన కొత్త కంపెనీకీ తెలిసినవాళ్ళేనని, రిపోర్టు సంగతి విని అక్కడి మేనేజరు తనను పిలిచి అడిగాడని మాత్రం చెప్పి, "పర్లేదులెండి" అన్నాడు.

నేనేదో గొప్ప పని చేశానని రాయడం లేదు. చెప్పకుండా ఊరుకుందామనే ఒక పూటంతా అనుకున్నాను. గురువారం వెళ్ళి మంజిరి తాయికి చెప్పాను. ఆమె తలుపు దగ్గరకు వేసి, రిపోర్టు వెళ్ళిపోయింది, నీ లెటర్ సంతకానికి పోయింది, ఇప్పుడు ఎందుకమ్మా ఇది అన్నది. ఆయన సరిగ్గానే రాశాడు, చదివింది నేను అన్నాను. రెండోసారి అడగకపోవడం మా తప్పు కూడా అని ఆమె అన్నది. రిపోర్టు మార్చింది, ఆయన పేరు తీసి నా పేరు పెట్టింది. రెండో పద్ధతిలో "కట్టేసినవి" అంటే "ఆపేసినవి" అని నా చేత్తోనే దిద్దాను. మళ్ళీ నడిపితే అన్నీ సరిగ్గా ఎక్కాయి. శుక్రవారం నా లెటర్ సంతకం లేకుండా వెనక్కి వచ్చింది. ఇంకో ఏడాది కాంట్రాక్టులోనే. ఉద్యోగం పోలేదు, ఫికర్ చేయకు.

చొప్పదండి చిన్నమ్మకు నా దండాలు చెప్పు. స్వరూపను బాగా చదువుకోమను. అవ్వకు ఈ ఉత్తరం పూర్తిగా చదివి వినిపించు, ఏదీ దాచకు.

ఒక్కటి మాత్రం నువ్వు చేసిపెట్టాలి. నా లెటర్ ఖాయమని నువ్వు మొన్న ల్యాంపు రూములో షిఫ్టు మొత్తానికి లడ్డూలు పంచావని స్వరూప చెప్పింది. ఇప్పుడు వాళ్ళు అడుగుతారు. నీ కోపం నాకు తెలుసు, "మా బిడ్డకు అన్యాలం చేసిండ్రు" అంటావు. అట్లా అనకు బాపు. "మా బిడ్డ ఒక మాట తప్పు చదివింది, తనే పోయి చెప్పింది" అను. అది అనడం నీకు కష్టమైతే ఏమీ అనకుండా ఊరుకో. నా తప్పు ఇంకొకరి పేరు మీదకు నెట్టి తెచ్చుకున్న లెటరైతే ఆ లడ్డూలు నాకే అరిగేవి కావు.

ఈసారి నీ దీవెన అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ బిడ్డ
రజిత