భుజాల కొలత

అమ్మా,

నా జాకెట్లన్నీ భుజాల దగ్గర వదులైపోయాయి! నవ్వకు. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ కుట్టే దర్జీని, నా భుజం కొలతే తప్పుగా తీసుకున్నాను. ఇన్నాళ్లూ భుజాలు చెవుల దాకా ఎగేసుకుని బతికానట!

కనిపెట్టింది మా థెరపిస్టు. నువ్వు "పిచ్చి డాక్టరు" అంటావని చెప్పలేదు గానీ, నాలుగు నెలలుగా వెళ్తున్నాను. ఆవిడ పెద్దగా ప్రశ్నలేమీ వెయ్యదు. గోడను రెండు చేతులతో నెట్టమంటుంది, అరికాళ్లు నేలకు ఆనాయో లేదో చూసుకోమంటుంది. ఇదేం చోద్యం అనుకున్నాను. మొన్న నన్ను అడిగి మరీ, వెనక కూర్చుని వీపు మీద అరచెయ్యి పెట్టింది. "ఆనుకోండి. బరువు వేసెయ్యండి. నేనెక్కడికీ పోను" అంది. ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయింది. కాసేపటికి ఏమైందో ఏమో, భుజాలు వాటంతటవే దిగాయి. బావురుమన్నాను. ఆ తర్వాత ఆకలి, ఎంత ఆకలో!

ఇక దాచను. నీకు ఊపిరితిత్తుల జబ్బు చేసి, నాకు అంటకూడదని నెలల పిల్లనైన నన్ను పెద్దమ్మ దగ్గర ఉంచారు. అందుకు ఎవరినీ తప్పు పట్టను. కానీ నేను ఇంటికి తిరిగొచ్చాక కూడా నువ్వు నన్ను దగ్గరకు తీసుకోలేదు. గౌన్లు కూడా టేపు పెట్టకుండా కంటికొలతతోనే కుట్టావు. పక్కింటి పిల్లల్ని మాత్రం తిప్పి తిప్పి, చంకలో గిలిగింతలు పెట్టి కొలిచేదానివి. నేనంటే ఇష్టం లేదనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఎవరి కొలతలు వాళ్లు తీసుకుంటే సరిగ్గా రావని నువ్వేగా నేర్పావు. వచ్చి తీస్తావా? రానంటే రానని రాసెయ్యి, తట్టుకుంటాను.

నీ దర్జీ కూతురు


నా బంగారు తల్లీ,

రాకపోవడమేమిటే! ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి.

నీకు రెండేళ్లప్పుడు, జబ్బు నయమైన రోజే పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను. ఎత్తుకోబోగానే కెవ్వుమని ఆవిడ వెనక దాక్కున్నావు. ఇంటికి తెచ్చాక గౌను కుడదామని టేపు చుట్టబోతే గుక్కపట్టి నీలంగా అయిపోయావు. హడలిపోయాను. మళ్లీ చెయ్యి వేస్తే ఒట్టు. మధ్యాహ్నం నువ్వు నిద్రపోతే పక్కన కూర్చుని, నీకు తగలకుండా గాల్లోనే జానలు వేసి కొలుచుకునేదాన్ని. కంటికొలత అనుకున్నావే, అది ఇదే. నువ్వు పెద్దయ్యాకైనా అడగాల్సింది, నా బుద్ధి మండ!

శనివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. పాత టేపు సంచిలో పెట్టేశాను. కొలతలు తర్వాత, ముందు నువ్వు ఆనుకోవాలి. బక్కచిక్కాను గానీ, నీ బరువు మోస్తాను.

అమ్మ