పచ్చ ఎలుగుబంటి

ప్రియమైన అక్కకి,

ఫోనులో నీకు సరిగ్గా వినబడదు కాబట్టి ఉత్తరం. మోకాళ్ల నొప్పి తగ్గిందనుకుంటాను.

దొరికిందే! టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆదివారం బొమ్మల కార్యక్రమంలో గంతులేసే ఎలుగుబంటి. చేత్తో రంగులేసిన, అద్దంలా అవతలిది కనబడే సెల్యులాయిడ్ షీటు, అసలుది! పదకొండేళ్లు ఆ బొమ్మలకి రంగులేసి, ఒక్కటీ తెచ్చుకోకుండా ఇంటికొచ్చిన మనిషివి. నీ చేతి బొమ్మ ఒక్కటైనా నీ గోడమీద పెట్టాలని ఆరేళ్లుగా పాతసామాన్ల కొట్లు తిరుగుతున్నాను. టీవీలు బాగుచేసే రోజుల్లో కూడా ఇంత తిరగలేదు. అన్నట్టు, ఒకాయన సెట్టులో బల్లి దూరి... సరే, అది ఇంకోసారి.

గోధుమరంగులో నిగనిగలాడుతోంది. ఫొటో పెట్టాను, చూడు. గీతలు పడకుండా కొట్టాయన పైన ఇంకో పనికిరాని షీటు కప్పి ఇచ్చాడు. దానిమీదా ఎలుగే, కాని ఆకుపచ్చ! ఎవరో సరదాకి పూసినట్టుంది. వంటింటి కిటికీ అద్దం పగిలితే అక్కడ అంటించేశాను.

నీ తమ్ముడు,
స్క్రూడ్రైవర్

* * *

ఒరేయ్ నా బంగారు తమ్ముడూ,

మోకాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫొటోలో బొమ్మ బాగుంది. నాది మాత్రం కాదు. ఆ రోజుల్లోదీ కాదు.

నీ మొహం, ఆ ఎలుగుని నువ్వెప్పుడైనా రంగుల్లో చూశావట్రా? అన్నీ నలుపు తెలుపు సెట్లే కదా! గోధుమరంగు వేస్తే ఎలుగూ వెనకున్న చెట్ల మొదళ్లూ ఒకటే బూడిదరంగై కలిసిపోయేవి. తెరమీద రెండు కళ్లు మాత్రం తిరిగేవి. అందుకని మా మేస్త్రీ లేత ఆకుపచ్చ వెయ్యమన్నాడు. పదకొండేళ్లూ పచ్చ ఎలుగులే వేశాను. నీకు చెప్పే ఉంటాను, నువ్వు మధ్యలో బల్లి కథ ఎత్తుకుని ఉంటావు.

ముందు కిటికీ దగ్గరికి పరుగెత్తు. రంగు షీటు వెనకవైపు వేస్తాం. అటు తిప్పి కుడిచెవి చూడు. ఆరకముందే పట్టుకుంటానని మేస్త్రీ రోజూ తిట్టేవాడు. బొటనవేలి ముద్ర ఉంటే అది నాదే. ఎండ పడే కిటికీ కాదు కదా?

ఆత్రంగా,
నీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

మూడు వారాలు భయంతో రాయలేదు. ఎండ పడే కిటికీయే. రంగు కొంచెం వెలిసింది. టేపు తీస్తుంటే దానితోపాటు ఎడమకాలి పచ్చంతా ఊడొచ్చింది.

నీ మరదలు వచ్చి వెనక్కి తిప్పి చూసింది. "ఏవండీ, చెవిలో వేలిముద్ర! వదినగారిదేనండీ," అంది. తర్వాత ఫోనులో ఫొటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూపించింది. పచ్చదనం పోయింది. అదే ఎలుగు! నువ్వు పనికని ఊరు దాటిపోయాక ఆదివారాలు పక్కింటి గుమ్మంలో నిలబడి చూసేవాళ్లం గుర్తుందా? నీకెలా గుర్తుంటుందిలే, నువ్వు లేవుగా. ఎలుగు రాగానే అమ్మ, "అదిగోరా, అక్కొచ్చింది" అనేది.

ఆ కాలికి రంగు వెయ్యాలని చేతులు దురదపెట్టాయి. వెయ్యలేదు. వచ్చే వారం బొమ్మ పట్టుకుని నేనే వస్తున్నాను. ఒక డబ్బా లేత ఆకుపచ్చ తెప్పించి ఉంచు.

కిటికీ సంగతి దిగులు పడకు. గోధుమరంగుది అంటించాను.

నీ తమ్ముడు,
స్క్రూడ్రైవర్