నువ్వు ఊడగొట్టిన పళ్ళు

ఏమయ్యా,

బతికుండగా నిన్ను ‘మీరు’ అనే పిలిచాను. ఇప్పుడు ఆ భయం లేదు. నువ్వు ఊడగొట్టిన మూడు ముందుపళ్ళ చోట కొత్తవి పెట్టించుకున్నాను.

వెళ్ళి బిగించుకు రావడమే అనుకున్నాను. బిర్సానగర్ క్లినిక్‌లో హిందీ డాక్టరమ్మ మొదట షుగర్ ఉందా, ఖైనీ పొగాకు వేస్తావా అని అడిగింది. ఎక్స్‌రే చూసి, పన్నెండేళ్ళు ఖాళీగా ఉండేసరికి లోపలి ఎముక కరిగిపోయిందంది. ముందు ఎముక పొడి వేసి నెలల తరబడి ఆగాలట. తర్వాత స్క్రూలు. అవి ఎముకలో పాతుకునేదాకా మళ్ళీ ఆగాలట. ఓపిక పట్టడం నాకు కొత్తా?

పళ్ళెలా పోయాయని అడిగితే, మన సుజాత అలవాటుగా హిందీలో, బాత్‌రూమ్‌లో జారిపడిందని చెప్పేసింది. దాని ఎనిమిదో ఏట నువ్వు నేర్పిన జవాబది.

“ఇంక అబద్దాలాడకే. మీ నాన్న గుద్దినాడని సెప్పు” అన్నాను. తల దించుకుని చెప్పింది.

ఈరోజు నీ రెండో తద్దినం. నీకిష్టమని జంతికలు వండాను. అవి కొరకలేక నేను నీళ్ళలో నానబెట్టుకుని తింటుంటే నవ్వేవాడివి. నీకు పెట్టకముందు ఎవరూ ముట్టకూడదు కదా. నేను ఒకటి తీసి, కొత్త పళ్ళతో గట్టిగా చప్పుడయ్యేలా కొరికాను.

మిగిలిన సగం నీ విస్తట్లో పెట్టాను. నా ఎంగిలి నువ్వు తినడం ఇదే మొదలు.