మోటరు తలుపులకు జాజు పట్టీ

తమ్మీ,

అక్కడ ఎట్లా ఉన్నావని అడగొచ్చో లేదో నాకు తెలియదు… అయినా అడుగుతున్నాను. రేపు మంగళవారం వస్తే నువ్వు పోయి మూడు నెలలు నిండుతాయి. ఛాతీలో ఆ నెమ్ము తగ్గిందా? చల్లనీళ్లు తాగడం లేదు కదా?

చిన్నప్పుడు బండి చెక్కల మీద సుద్దముక్కతో నువ్వు దిద్దించిన అక్షరాలే ఇవి. ఒత్తులు తప్పితే నవ్వకు.

మన దవాఖాన డాక్టరమ్మ మోటరుకారు తలుపుల సంగతి నీకు చెప్పాలి. నువ్వు వాటి మీద బెంగ పెట్టుకుని పోయి ఉంటావని నాకు రోజూ అనిపిస్తుంది.

ఆ తలుపుల లోపలి చెక్కలు నాలుగూ నువ్వు ఊడదీసినవి ఊడదీసినట్టే వసారాలో ఉండిపోయాయి. పైన తోలుగుడ్డ చిరిగింది, యుద్ధం మూలాన కొత్తది పట్నంలో కూడా దొరకడం లేదు, గుడ్డ పీకేసి చెక్కకే రంగు వేసి ఇస్తానని ఆమెకు మాటిచ్చింది నువ్వే కదా. రెండింటికి పాత జిగురు గీకావు. మూడోదాని మీద గాజుపెంకు పెట్టి, "ఒళ్లు నొస్తున్నదక్కా, జరసేపు ఒరుగుత" అన్నావు. మళ్లీ లేవలేదు. ఆ గాజుపెంకు చాలా రోజులు ఎవరూ తీయలేదు… పిల్లి తొక్కుతుందేమోనని నేనొకటే భయపడేదాన్ని. తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

రెండు నెలలు దాటాక డ్రైవరు వచ్చాడు. పాపం ఆమె ఉత్త ఇనుప తలుపుల మోటరులోనే ఊళ్లు తిరుగుతోందట. లోపలి మేకుకు పట్టి చీర చినిగిందట. "చెక్కలియ్యున్రి అమ్మా, పట్నం పంపుతం" అన్నాడు. నేను ఇచ్చేద్దామనే లేచాను. నీ భార్య సత్తెమ్మ లోపలి నుంచి వచ్చి, "పదిహేను దినాలాగు. ఆయన వట్టిన పని ఈడనే అయితది" అంది.

ఆమెకు ఈ పని ఎక్కడొచ్చు? నువ్వు చేస్తుంటే పక్కన కూర్చుని చూసింది, గరుకు కాగితం అందించింది, అంతే కదా? కానీ సత్తెమ్మ పట్టుదల వెనక వేరే సంగతి ఉంది. మూడో నెల నిండబోయేసరికి బండి కట్టుకుని వచ్చి తీసుకుపోతానని నారాయణరావుపేట నుంచి వాళ్ల అన్న కబురు పెట్టాడు. పిల్లలు లేరు, నువ్వు లేవు, ఇక్కడ ఏం పట్టుకుని ఉంటుందని. ఆమెకు పోవాలని లేదు. నీ వడ్రంగి పనిముట్లతో బతకగలనని చూపిస్తేనే ఆయన ఒప్పుకుంటాడు. చేతకాకపోతే బండెక్కాలి. నువ్వు పోయావు… ఆమె కూడా పోతే గోడకు అవతల నాకెవరున్నారు చెప్పు?

అందుకే నేనూ కొంగు బిగించాను. మిగిలిన జిగురు ఇద్దరం గీకాం. మేకుల రంధ్రాలు పూడ్చడానికి సుద్దపొడిలో అవిసె నూనె పోసి లప్పం కలిపితే ఆమెకు పొడిపొడిగా వచ్చింది. జొన్నరొట్టెకు పిసికినట్టు మణికట్టుతో తొక్కమన్నాను. కుదిరింది! ఆ ఒక్క పూట నేను కూడా పనిమంతురాలినే అనుకున్నాను.

తర్వాత చేసిన పని చెప్పాలంటే సిగ్గుగా ఉంది…

శుక్రవారం నాడు సత్తెమ్మ బజారుకు పోయింది. నున్నగా రుద్దిన చెక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. చూస్తుంటే నాకు గుబులు పట్టుకుంది. చావు జరిగిన ఇంటి నుంచి పోతున్న తలుపులు. అవి పెట్టుకుని డాక్టరమ్మ పురిటి ఇళ్లకు పోతుంది. ఏ కీడైనా వెంట పోతే? నువ్వు ఏ ఇంటికి తలుపు నిలబెట్టినా ముందు నూనె రాసి, పసుపు పూయించేవాడివి. తలుపంటే తలుపే కదా అనుకున్నాను. మీ బావ చల్లగా ఉన్నాడు కాబట్టి ఇంట్లో పసుపు ముట్టే చెయ్యి నాదొక్కటే మిగిలింది. నువ్వుల నూనెలో పసుపు కలిపి రెండు చెక్కలకు బాగా పట్టించాను. దాహం మీద ఉన్నట్టు తాగేశాయి.

సత్తెమ్మ వచ్చి, "ఏంది వదినె, గింత పచ్చగైనై?" అంది. అవిసె నూనె ఊరిందేమో అని అబద్ధమాడాను.

యుద్ధానికి ముందు నువ్వు దాచిన మీగడ రంగు డబ్బా ఒక్కటే ఉంది కదా. నాలుగింటికీ అదే వేశాం. రెండు చెక్కలు చక్కగా ఆరాయి. నేను పసుపు పూసినవి మూడు రోజులైనా ఆరలేదు. వేలు పెడితే రంగు వేలికి వచ్చేసింది. చలి అన్నాను, మబ్బు అన్నాను. ఆమె వాటి ముందు కూర్చుని డబ్బాలోకి చూసింది. అడుగున నాలుగు వేళ్ల మందం కూడా లేదు. వాళ్ల అన్న రావడానికి వారమే ఉంది.

అప్పుడిక దాచలేకపోయాను తమ్మీ. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మోటరుకు మంగళస్నానం చేయిస్తివా వదినె! నీ తమ్ముడుంటే పొద్దుగూకేదాంక నీకు పాఠం చెప్తుండె" అంది. తర్వాత గాజుపెంకు తెచ్చి నా చేతిలో పెట్టింది. "గీకు" అంది.

"కింద చెక్క తేటగ లేకుంటే పైన రంగు నిలువదక్కా" అని నువ్వు ఎన్నిసార్లు అనలేదు? వింటూనే ఉండేదాన్ని. చెవిలో పడింది, బుర్రకెక్కలేదు.

రంగంతా గీకాం. నువ్వుల నూనె అవిసె నూనెలా ఆరదు; అది దిగాలంటే ఎట్లా? చాకలివాళ్లు జిడ్డు బట్టలకు రాసే చౌడుమట్టి గుర్తొచ్చింది. తెచ్చి తడిపి చెక్కలకు మెత్తితే… తమ్మీ, ఉన్నట్టుండి ఎర్రగా మారిపోయాయి! నేను కెవ్వుమన్నాను. పసుపుకు సున్నమో చౌడో తగిలితే ఎరుపెక్కుతుందని పారాణి కలిపిన చేతులు మరిచిపోతాయా? అయినా ఆ క్షణాన గుర్తే రాలేదు. మూడుసార్లు మట్టి మెత్తి తీస్తే నూనె దిగింది, రంగు మరక మిగిలింది. చీర మీది పసుపు మరక ఎండకు పోతుంది కదా అని చెక్కలను ఎండలో పరిచాం. వంకర పోతాయేమోనని వాటి మీద ఇసుర్రాయి పెట్టి, పూటకొకసారి జరుపుతూ, కాకి రెట్ట వేయకుండా కర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాను. మీ బావ అన్నానికి పిలిచి పిలిచి తనే వడ్డించుకున్నాడు. రెండు రోజులకు మరక వెలిసిపోయింది.

ఇక రంగు చాలదు. నాలుగూ ఒక్క తీరుగా లేకపోతే డాక్టరమ్మ ఏమంటుంది? నేను తల పట్టుకున్నాను. సత్తెమ్మ మాత్రం మన గోడ వైపు చూస్తూ నిలబడింది. పండుగకు అలికినప్పుడు గోడ కింద జానెడు జాజు పట్టీ వేస్తాం కదా… ఆ ఎర్రమట్టి జాజునే మెత్తగా నూరి, బట్టతో జల్లించి, అవిసె నూనెలో కలిపింది. నాలుగు చెక్కలకూ కింద జానెడు ఎర్రటి పట్టీ. పైన మిగిలిన మీగడ రంగు సరిగ్గా సరిపోయింది. రంగు మీద రంగు ఎక్కకుండా దారం కట్టి గీత కొట్టింది. ఆ గీతను వంగి దగ్గరగా చూశాను. నువ్వు కొట్టినట్టే ఉంది.

మోటరు లోపల జాజు పట్టీ ఏమిటని నాకు మాత్రం ప్రాణం కొట్టుకుంది. ఊరంతా నవ్వితే?

నిన్న డ్రైవరు చెక్కలు బిగించాడు. డాక్టరమ్మ ఎక్కి తలుపు వేసుకుంది. అరచేత్తో మెల్లగా రాసి చూసింది. కింద ఎరుపు చూసి ఆగింది. సత్తెమ్మ తల ఎత్తి చెప్పింది: "రంగు సాలలేదమ్మా. చెప్పులు తగిలే జాగ గదా, మాపు కనవడదని జాజు వెట్టిన."

ఆమె నవ్వింది. "నా మోటరు ఇల్లయింది" అంది. దిగుతూ దవాఖానలో మందుల అల్మారాలకు చెద పట్టింది, వాటిని కూడా చూస్తావా అని అడిగింది.

ఇవాళ పొద్దున వాళ్ల అన్న వచ్చాడు. బండిలో గడ్డి పరిచి తెచ్చాడు, చెల్లెలికి కుదుపు తగలకుండా. ఆయన మాత్రం మంచివాడు తమ్మీ, తప్పు పట్టలేం. సత్తెమ్మ ఆయనకు అన్నం పెట్టి, విస్తరి ఎత్తాక చెప్పింది: "అల్మారలు ఒప్పుకున్న అన్నా. పంటలప్పుడు ఒచ్చి పది దినాలుంట." ఆయన నీ రంపాలు, బాడిసెలు ఒక్కొక్కటే చేతికి తీసుకుని చూశాడు. తర్వాత ఎడ్లు కట్టుకున్నాడు. బండి ఉత్తగానే పోయింది.

నేను గోడ చాటున ఉండి అంతా విన్నాను. ఏడ్చానో ఏమో…

ఇప్పుడు కొత్త బెంగ. ఆ అల్మారాలు బరువైనవి. నిచ్చెన ఎక్కాల్సి వస్తుంది. ఆడమనిషి దవాఖానలో పని చేస్తుంటే ఎవరేమంటారో. నువ్వైతే ఏమనేవాడివి?

ఉంటాను మరి. సత్తెమ్మ గోడ మీద తట్టి పిలుస్తోంది. దవాఖానకు పోయి అల్మారా తలుపు ఊడదీయడానికి అటువైపు పట్టుకునే మనిషి కావాలట. ఆమెను ఒక్కదాన్నే మోయనివ్వను తమ్మీ. నాకు చేతనైనన్నాళ్లు ఆ రెండో కొన నేనే పట్టుకుంటాను.

మీ అక్క