1.25 వోల్టుల దగ్గర

తిప్పేష్ అన్నా,

ఫోనులో అయితే తిడతావని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు బిగించి ఇచ్చిన కంప్యూటరు బాగుంది, ముందే చెబుతున్నాను. పెళ్లి వీడియోలు తొందరగా పూర్తవుతాయని దాని ప్రాసెసర్ వేగం పెంచాను. వేగం పెంచితే దానికిచ్చే వోల్టేజీ కూడా కొంత పెంచాలి. వోల్టేజీ తక్కువై బోరు మోటార్లు కాలిపోవడం చూస్తూ పెరిగినదాన్ని కదా, దీనికీ ఎక్కువే క్షేమమనుకుని 1.45 వోల్టులు పెట్టాను. నిమిషంలో వేడి వంద డిగ్రీలకు ఎక్కి కంప్యూటరు ఆగిపోయింది.

నాయన చూసి, "ఏమ్మా, నీళ్లు పడినాక గూడా బోరు దించుతారా ఎవురైనా? ఉండే నీళ్లు గూడా పోతాయి" అన్నాడు. అప్పటినుంచి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాను. 1.20 దగ్గర తడబడింది. 1.25 దగ్గర మధ్యాహ్నమంతా ఆగకుండా నడిచింది, వేడి డెబ్బై ఐదు దాటలేదు. అక్కడే ఉంచేశాను.

నీళ్లు పడిన మన రెండో బోరును ఇంకో వంద అడుగులు దించి ఎండబెట్టింది ఆయనేనని నేను గుర్తు చేయలేదు. నువ్వూ చేయొద్దు.

నీ చెల్లెలు