పుచ్చకాయ నుంచి మబ్బు దాకా

శంషాబాద్, ఆగస్టు 2012

బంగారు తల్లి షెకీనాకు,

నీ హాస్టల్లో ఫోన్ ఉంచుకోనివ్వరు కాబట్టి రాస్తున్నాను. ఎయిర్‌పోర్టులో ఊడ్చే మాలాంటి వాళ్లు సూపర్‌వైజర్ కావాలంటే పదో తరగతి పాసవ్వాలట. అందుకే ఓపెన్ స్కూల్లో చేరాను. ఆదివారం చర్చి అయ్యాక క్లాసు. మీ నాన్న యెషయా స్కూటర్ మీద దింపుతాడు. "ఈ వయసుల నీకు చదువేంది?" అంటూనే, క్లాసు అయ్యేదాకా కిటికీ పక్కనే కూర్చుంటాడు.

మొన్న సైన్సు. పరమాణువు గట్టి గుండు అని ఒక పేజీలో ఉంది. తిప్పితే, కాదు, పుచ్చకాయలో గింజల్లా లోపల ఎలక్ట్రాన్లున్నాయని. ఇంకో పేజీలో అదీ కాదు, చాలావరకు ఖాళీయేనని! లేచి, "పూర్ణిమా టీచర్, తప్పని తెలిసినంక మాకెందుకు నేర్పుతున్నరు?" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. నాతో పాటు ఊడ్చే జంగమ్మయితే పడీపడీ నవ్వింది. ఇక నేను పోను బిడ్డా.

మీ అమ్మ,
యేసుమణి

వరంగల్, ఆగస్టు 2012

నా ముద్దుల అమ్మకు,

నువ్వు మానేస్తే నేనూ అన్నం మానేస్తా! నువ్వడిగింది పెద్ద ప్రశ్న. పుచ్చకాయ అన్నది థామ్సన్. ఆయన దగ్గర చదువుకున్న రూథర్‌ఫర్డ్ బంగారు రేకు మీదికి సన్నటి కణాలను వదిలించాడు. దాదాపు అన్నీ దూసుకుపోయాయి. ఎక్కడో ఒకటి వెనక్కి తిరిగొచ్చింది. అంటే నడుమ చిన్నదే అయినా బరువైనదేదో ఉంది, మిగతాదంతా ఖాళీ. తర్వాత బోర్ ఎలక్ట్రాన్లకు కక్ష్యలు గీశాడు. ఇప్పుడు ఆ గీతలూ లేవు, మబ్బులా పరుచుకుని ఉంటాయంటున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదమ్మా. ఎవరికి కనబడినంత వాళ్లు చెప్పారు.

ఆదివారం తప్పకుండా వెళ్లు.

నీ షెకీనా

శంషాబాద్, సెప్టెంబర్ 2012

చిట్టితల్లీ,

వెళ్లాను. నువ్వు రాసింది చెబితే టీచర్ మురిసిపోయింది. బల్ల మీది నుంచి దుప్పటి వేలాడదీసి, కింద ఏదో దాచి, మా చేతికి గోలీలిచ్చింది. లోపలేముందో దొర్లించి చెప్పాలి. "అటెల్లి పోయింది!" "నాది గిటు తిరిగొచ్చింది!" ఒకటే గోల. జంగమ్మ కొంగు దోపుకుని నేల మీద బోర్లా పడుకుంది. ఇంతలో కిటికీలోంచి మీ నాన్న, "నడుమల కొట్టుండ్రి, ఆడనే ఉన్నది!" అని అరిచాడు. దుప్పటి తీస్తే రుబ్బురోలు పొత్రం!

ఆ రాత్రి పడుకున్నాక కూడా మీ నాన్నవి పరమాణువు మాటలే.

మీ అమ్మ

శంషాబాద్, జూలై 2013

నా ప్రాణమా షెకీనా,

పాసయ్యాను! సైన్సులోనే ఎక్కువ మార్కులు. వచ్చే నెల నుంచి నేను సూపర్‌వైజర్‌ను.

మార్కుల మెమో తెచ్చుకుందామని ఆదివారం వెళ్లాను. కొత్త క్లాసు మొదలైంది. ముందు బెంచీలో ఇస్త్రీ చొక్కాతో ఎవరో తెలుసా? మీ నాన్న! చర్చి నుంచి, "గగన్‌పహాడ్‌ల పనున్నది" అని ముందే జారుకున్న మనిషి. నన్ను చూసి పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు. "ఏందయ్యా ఇది?" అంటే, "నువ్వొక్కదానివే పాసైతవా? నేను ఏడోతోనే మానేస్తి. నాకూ తెలుసుకోవాలనుంటది కదా" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాతోనే పాసై, మెమో కోసం వచ్చిన జంగమ్మ మిఠాయి పంచింది.

దసరా సెలవులకు వచ్చి ఆయనకు పాఠాలు నువ్వే చెప్పు తల్లీ. నేను చెబితే అలుగుతున్నాడు.

సంతోషం పట్టలేని మీ అమ్మ,
యేసుమణి